హేవలాక్ వంతెన: ఫొటోకెక్కని రాతి కాళ్లు

కొవ్వూరు: గోదావరి మీద కొవ్వూరుకు, రాజమండ్రికి మధ్య రైలు వంతెనలు మూడున్నాయి. వాటిలో రైలు నడవనిది ఒకటే. ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవారు చాలా మంది తక్కిన రెండింటి వైపే తిరుగుతారు. ఆర్చి వంతెన వంపులు సాయంకాలపు ఎర్రటి ఆకాశం మీద చక్కగా పడతాయి. క్యాలెండర్ల మీద, పెళ్లి ఆల్బముల్లో, స్వీటు దుకాణాల గోడల మీద కనిపించేది ఆ వంపులే. పక్కనే ఉన్న పాత హేవలాక్ వంతెన మాత్రం పెళ్లి ఫొటోలో చివరగా నిలబడిన దూరపు చుట్టంలా ఓ మూలన సగం పడుతుంది, సగం పడదు.

1900లో మొదలుపెట్టి 1997 దాకా మద్రాసు, హౌరాల మధ్య తిరిగే బండ్లను మోసిన వంతెన ఇది. పైన ఇనుప గడ్డర్లు, కింద రాతి కట్టడపు దిమ్మలు. గడ్డర్లు మైలు దూరం నుంచే కనబడతాయి. రాతి పనితనం చూడాలంటే మాత్రం రేవులోకి దిగి, మెట్ల చివర నిలబడి, తల కాస్త పైకెత్తాలి. అంత ఓపిక చేసేవారు తక్కువ. కాబట్టే నూటపాతికేళ్ల నుంచి నీళ్లలో నిలబడిన ఆ కాళ్లకు సరైన ఫొటోలు కూడా తక్కువే.

2022 ఏప్రిల్ 4 వరకు ఈ వంతెన ఒక కొస తూర్పుగోదావరి జిల్లాలో, ఒక కొస పశ్చిమగోదావరి జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనలో కొవ్వూరు కూడా తూర్పుగోదావరిలోకి వచ్చింది. ఇప్పుడు రెండు కొసలూ మన జిల్లావే. వంతెన మంచిచెడ్డలు పట్టించుకోవలసినవారు అవతలి జిల్లావారని రెండు గట్ల జనమూ ఒకరి మీద ఒకరు పెట్టుకునే వీలు పోయింది.

పడవ దాటి బండి ఎక్కిన రోజులు

1890ల్లో తూర్పుకోస్తా రైలుమార్గం వేసినప్పుడు బెజవాడ వైపు నుంచి పట్టాలు కొవ్వూరు దాకా వచ్చి ఆగాయి. అవతల రాజమండ్రి నుంచి వాల్తేరు మీదుగా కటకం దిశగా సాగాయి. మధ్యలో గోదావరి. ప్రయాణికులు ఈ ఒడ్డున బండి దిగి, మూటాముల్లె సర్దుకుని, నది దాటి, ఆ ఒడ్డున మళ్లీ బండి ఎక్కవలసి వచ్చేది. వరద రోజుల్లో ఆ ప్రయాణం ఎలా ఉండేదో గోదావరి గట్టున పుట్టినవారికి వేరే చెప్పక్కర్లేదు.

వంతెన పని 1897 నవంబరు 11న మొదలైంది. ప్రధాన ఇంజనీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. అంతకు పదేళ్ల ముందు, 1887లో, కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన పూర్తిచేసినవాడు ఆయనే. ఆ వంతెనను ఇప్పుడు మాళవీయ వంతెన అంటున్నారు. గంగను దాటించిన చేతికే గోదావరినీ అప్పగించారన్నమాట. ఇనుప గడ్డర్లను ఇంగ్లండులోని బటర్లీ కంపెనీ తయారుచేసింది. మూడేళ్లు నిండకుండానే, 1900 ఆగస్టులో, వంతెన మీద బండి నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. ఆయన గవర్నరుగా ఉన్నది 1896 నుంచి 1900 వరకు. నాలుగైదేళ్లు ఉండి వెళ్లిన దొర పేరు గోదావరి జిల్లాల నోళ్లలో నేటికీ నలుగుతోంది. ఇసుక తోడినవారి పేర్లు, రాయి చెక్కినవారి పేర్లు మాత్రం ఎవరి నోటా వినబడవు.

వంతెనకు ఖానాలు 56. ఒక్కొక్క ఖానా 150 అడుగులు. హెచ్చవేసి చూస్తే 8,400 అడుగులు, అంటే మైలున్నర పైచిలుకు. రెండు వైపులా ఎత్తు కట్టలు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. 56 ఖానాలకు నది మధ్య దిమ్మలు 55 ఉండాలి, రెండు గట్ల మీద చెరొక ఆనుడు గోడ. ఈ లెక్క పిల్లలకు చెప్పి దిమ్మలు లెక్కపెట్టమంటే గట్టున కూర్చున్న గంట ఇట్టే గడిచిపోతుంది. ఇరవై, ముప్ఫై దాటాక దిమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కన్ను తప్పుతుంది. అవతలి గట్టు దగ్గర అసలు ఆనవు.

ఇసుకలో ఇంత బరువు ఎలా నిలిచింది అన్న ప్రశ్న చూసినవారందరికీ వస్తుంది. గోదావరి అడుగున పైపైన రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. అందుకని ఇలాంటి నదుల్లో బావులు దింపుతారు. మన పొలాల్లో ఒరలు దింపే పద్ధతే, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది. దిమ్మ రావలసిన చోట గుండ్రటి కట్టడం లేపుతారు. దాని లోపలి ఇసుక తోడేస్తూ ఉంటే కట్టడం తన బరువుకు తానే కిందికి దిగుతుంది. అది దిగినకొద్దీ పైన వరుసలు కడుతూ పోతారు. వరద కోతకు అందనంత లోతుకు, గట్టి నేలకు చేరాక లోపల పూడ్చేస్తారు. దాని మీద రాతి దిమ్మ లేస్తుంది. అంటే పైకి కనబడే రాయి ఎంతో, కనబడకుండా ఇసుకలో దిగబడిన కట్టడమూ అంత ఉంటుంది. కెమెరా దాన్ని చూపలేదు. అది తెలిసి తీసిన ఫొటోకూ తెలియక తీసిన ఫొటోకూ తేడా ఉంటుంది. తెలిసినవాడు దిమ్మ మొదలు, నీరు తాకే చోటు కోసుకుపోకుండా తీస్తాడు.

పచ్చటి గట్టు కొవ్వూరుదే

ఫొటో కోసం వచ్చేవారు సామాన్యంగా రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గరే ఆగిపోతారు. అక్కడ మెట్లున్నాయి, టీ దొరుకుతుంది, గోదావరి స్టేషను దగ్గర. ఊరి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయినా ఆటోవారికి అది రాజమండ్రే కాబట్టి చేరుకోవడం తేలిక. తప్పు లేదు. కానీ అక్కడి నుంచి తీసిన ఫొటోలో వెనక భాగాన ఆకాశం, ముందు భాగాన జనం ఉంటారు. పచ్చదనం కావాలంటే నది దాటాలి.

కొవ్వూరు వైపు సంగతే వేరు. గోష్పాద క్షేత్రం రేవులో దిగితే ఎదురుగా నది. నాలుగు అడుగులు వెనక్కు వేస్తే కొబ్బరి తలలు, అరటి ఆకులు, ఇంకాస్త వెనక వరి. కొవ్వూరు నుంచి పశివేదల, చాగల్లు మీదుగా నిడదవోలు దాకా రైలు కట్టకు ఇరువైపులా ఇదే పచ్చదనం. సార్వా ఊడ్పులైన ఇరవై రోజులకు ఆ చేలకు వచ్చే రంగు నెల తిరిగాక ఉండదు, కోతల ముందు అసలే ఉండదు. పొలం ఉన్నవారికి ఆ సంగతి తెలుసు. పట్నం నుంచి కెమెరాలు మెడలో వేసుకుని వచ్చేవారికి తెలియక ఏ మార్చి నెలలోనో వచ్చి, గట్టంతా ఎండిపోయింది అనుకుని వెళ్లిపోతారు.

ఈ గట్టు మీద నిలబడి వంతెన పొడుగునా చూస్తే దిమ్మలన్నీ ఒకే వరుసలో నీళ్లలోకి నడిచిపోతున్నట్టుంటాయి, ఊడ్పు మడిలో వంగిన కూలీల బారులాగ. దగ్గరవి పెద్దవి, దూరానివి అగ్గిపుల్లలంత. 56 ఖానాలూ ఒక్క ఫొటోలో పట్టాలన్న ఆశ వదిలేసుకుంటే మంచిది. మైలున్నర వంతెనను అడ్డంగా తీస్తే కాగితం మీద నల్లదారం పోగులా వస్తుంది. ఒక కొసన నిలబడి ఏటవాలుగా మూడు నాలుగు దిమ్మలు నిండుగా పడేట్టు తీస్తే మిగిలినవి వెనక వాటంతటవే వరుస కడతాయి.

ఎండ ఏ వైపు

వంతెన ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంది. రాజమండ్రి తూర్పు గట్టు, కొవ్వూరు పడమటి గట్టు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. సాయంత్రం రాజమండ్రి మెట్ల మీద నిలబడితే సూర్యుడు ఎదురుగా, కొవ్వూరు కొబ్బరిచెట్ల వెనక దిగుతాడు. అప్పుడు వంతెన మొత్తం నల్లటి నీడబొమ్మ అవుతుంది. గడ్డర్లకు అది అందమే. రాతి దిమ్మలకు మాత్రం అన్యాయం. రాయి రంగు, వరుసల మధ్య సున్నపు కలుపులు, వరదలు వదిలిన మరకలు ఏవీ కనిపించవు. అదే వేళ కొవ్వూరు గట్టున ఉంటే ఎండ వెనక నుంచి వస్తుంది, రాయి వెచ్చటి రంగు తేలుతుంది. పొద్దుటి పూట ఈ లెక్క తిరగబడుతుంది.

రాయికి అన్నిటికన్నా మంచి రోజులు మార్గశిరం, పుష్యం. అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. నది దిగువ వైపు ఉన్న రాతి ముఖం మీద ఎండ పక్కనుంచి తగులుతుంది. నడినెత్తి ఎండ రాయిని పలకలా చదును చేసి చూపుతుంది. పక్క ఎండకు ప్రతి రాయీ తన అంచు తాను చెబుతుంది. అయితే ఆ నెలల్లో తెల్లవారుజామున మంచు ఎక్కువ. ఎనిమిది దాటేదాకా అవతలి గట్టు కనబడని రోజులుంటాయి. మంచులోంచి ఒక్కొక్క దిమ్మే పైకి వచ్చే ఆ పది నిమిషాల కోసమే కొందరు చలిలో వచ్చి కూర్చుంటారు. వారి ఓపికకు తగ్గ ఫొటో రోజూ రాదు.

సెల్‌ఫోనుతో తీసేవారికి ఒక చిన్న కిటుకు. ఫోను తనంతట తాను నీటి మెరుపును చూసి ఫొటోను నల్లబరుస్తుంది. తెర మీద రాతి దిమ్మ ఉన్న చోట వేలితో తాకితే వెలుగును రాయికి సరిపెడుతుంది. ఆకాశం కాస్త తెల్లబోయినా పరవాలేదు. దూరాన్ని దగ్గరకు లాగే జూము వాడితే రాయి అలుక్కుపోయి మైనంలా కనబడుతుంది. దానికన్నా పడవ మాట్లాడుకుని దగ్గరకు వెళ్లడం మేలు. వెనకటి నలుపు తెలుపు రోజుల్లో ఫొటోగ్రాఫర్లు కెమెరా కంటికి పసుపు అద్దం తొడిగేవారు. నీలాకాశం ముదిరి, మబ్బులు తెల్లగా తేలేవి. ఇప్పుడు ఫోనులో నలుపు తెలుపు చేసుకునే వీలున్నా ఆ మబ్బుల తేట రావడం కష్టం.

దిమ్మ పక్కన పడవో, వల విసిరే మనిషో పడేదాకా ఆగాలి. అప్పటిదాకా దిమ్మ ఎంతుందో చూసేవారికి తెలియదు. మనిషి పక్కన పడగానే, అబ్బో ఇంత ఎత్తా అంటారు.

ఎర్రనీరు, తెల్లనీరు

వంతెన కింద నీరు నెలకో రంగు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువనే ఉండడం వల్ల కాలువలకు నీరు నిలిపినన్నాళ్లు ఇక్కడ నది చెరువులా నిండుగా, కదలకుండా ఉంటుంది. గాలి లేని పొద్దున్న దిమ్మలు నీళ్లలో తలకిందులుగా కనబడేది ఆ రోజుల్లోనే. వేసవిలో కాలువలు కట్టేశాక, ఎగువ నుంచి రాక తగ్గాక ఇసుక మేటలు బయటపడి, దిమ్మల మొదళ్లు కొన్ని తేలతాయి. రాతి కట్టడం పూర్తిగా చూడాలనుకునేవారికి అదే అదను. ఎండ మాత్రం భరించాలి.

ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు దిగుతుంది. దిమ్మలు పొట్టివైపోతాయి. ప్రతి దిమ్మ వెనకా నీరు సుడి తిరిగి నురుగు కడుతుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35.06 లక్షల క్యూసెక్కుల నీరు పోయినట్టు లెక్క తేలింది. ధవళేశ్వరానికి ఎగువనే ఉన్న ఈ రాతి కాళ్ల మధ్యనుంచే ఆ నీరు పోయింది. అప్పటికి వంతెన వయస్సు 86 ఏళ్లు. లంకలు మునిగి, గట్లు తెగి, ఊళ్లకు ఊళ్లు పాఠశాలల పైకప్పులెక్కిన ఆ రోజులను చూసినవారు జిల్లాలో ఇంకా ఉన్నారు. 1953 వరదనూ ఈ దిమ్మలే చూశాయి, 2022 జూలై వరదనూ చూశాయి. వరద ఫొటో గట్టు మీద నుంచి తీయాలే గాని రేవు మెట్లు దిగకూడదు. పైన నిదానంగా కనబడే ఆ నీటికి కింద ఎంత లాగుడు ఉంటుందో పల్లెకారులను అడిగితే చెబుతారు.

కింద ఉన్నవారు

వంతెనల నీడన బ్రిడ్జిలంక అనే లంక ఉంది. వంతెన పేరే లంకకు ఊరి పేరైంది. వరద హెచ్చరిక వచ్చినప్పుడల్లా అక్కడి కుటుంబాలను పడవల మీద ఒడ్డుకు చేర్చే వార్త పత్రికల్లో వస్తుంటుంది. ఫొటోగ్రాఫర్లకు ఆ గుడిసెలు, ఆరవేసిన వలలు, వంటపొగ అందంగా కనిపిస్తాయి. నిజమే, రాతి దిమ్మ పక్కన పొగ లేస్తున్న గుడిసె మంచి బొమ్మ. కాని అది ఒకరి ఇల్లు. పెద్దవారైతే బాబయ్యా, పిన్నీ అని పలకరించి, అడిగి తీస్తే ఎవరూ కాదనరు. చాలాసార్లు పీట వేసి కూర్చోబెడతారు కూడా. అడక్కుండా దూరం నుంచి దొంగచాటుగా తీసేవారి మీదే కేకలు పడతాయి. పడినా తప్పులేదు.

చిల్లర డబ్బులు విసరడం ఈ వంతెనతో పెనవేసుకున్న అలవాటు. బండి గోదావరి మీదికి రాగానే పెట్టెలో మాటలు ఆగిపోయి, పెద్దవాళ్లు కొంగు ముళ్లు విప్పేవారు. గోదారమ్మకు దణ్ణం పెట్టి కాణీయో, అణాయో, తరువాత పైసలో వదిలేవారు. పాత వంతెన మీద పట్టాల సందుల్లోంచి కింద నీరు నేరుగా కనబడేది. చక్రాల మోత పెట్టె అడుగునుంచి వచ్చి గుండెలో తగిలేది. కిటికీ దగ్గర పిల్లలు కళ్లు మూసుకునేవారు. ఒకటే లైను కాబట్టి ఒక బండి దాటేదాకా ఎదురు బండి స్టేషనులో ఆగవలసిందే. ఆ ఆగుడులో వేరుశనక్కాయలు అమ్ముకున్నవారు ఎందరో. 1974లో రైలు కం రోడ్డు వంతెన వచ్చాక పాతదాని మీద ఒత్తిడి తగ్గింది. 1991లో మొదలైన 28 ఖానాల ఆర్చి వంతెన 1997 నాటికి తయారయ్యాక హేవలాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టింది 1897లోనే, వంతెన పని మొదలైన సంవత్సరంలో. 1925లో, ముప్ఫై ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆయన పేరున ఉన్న చిత్రశాల రాజమండ్రిలోనే ఉంది. ఫొటోలు తీయాలని ఉన్న కుర్రవాళ్లు ఒక పూట అక్కడ గడిపి, ఆయన మన ఊళ్ల మనుషులను ఎలా చూశాడో గమనించి, తరువాత నది గట్టుకు వస్తే బాగుంటుంది. దానికి కెమెరా ఖరీదుతో పనిలేదు.

పట్టాల మీద ఫొటో వద్దు

ఫొటోల మోజులో ప్రాణాల మీదికి తెచ్చుకోవడం ఈమధ్య ఎక్కువైంది. ఆర్చి వంతెన మీదా, రైలు కం రోడ్డు వంతెన మీదా బండ్లు రాత్రింబగళ్లు నడుస్తున్నాయి. వంతెన మీద బండి ఎదురైతే పక్కకు తప్పుకునే చోటుండదు, కిందికి దూకితే నది. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిమానా మాట అటుంచి, కరెంటు ఇంజను వచ్చే చప్పుడు బొగ్గింజనులా ముందుగా వినబడదు. ఆ తేడా తెలియకనే చాలా మంది మోసపోతున్నారు.

పాత వంతెన మీద బండ్లు లేవు కదా అని ఎక్కేవారు మరికొందరు. పాతికేళ్లకు పైగా రైలు నడవని ఇనుము అది. ఏ రేకు ఎక్కడ తినేసిందో పైకి తెలియదు. రైలు కం రోడ్డు వంతెన పైన బండి ఆపి ఫొటో తీయడం కూడా ప్రమాదమే, వెనక లారీ ఉంటుంది. ఎలాగూ రాతి దిమ్మల ఫొటో వంతెన పైనుంచి రాదు. కింద నుంచే వస్తుంది. గట్టు మీద నిలబడి గాని, పడవలో కూర్చుని గాని తీసినదే నిలిచే ఫొటో.

రేపు ఇలా ఉండదు

వంతెనను ఏం చేయాలన్న చర్చ 1997 నుంచి నడుస్తూనే ఉంది. జనం నడిచే వంతెనగా మార్చాలని, పర్యాటక స్థలం చేయాలని రెండు గట్ల వారూ ఏళ్ల తరబడి అడుగుతున్నారు. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు రాజమండ్రిలో శంకుస్థాపన జరిగింది. అందులో హేవలాక్ వంతెనను తీర్చిదిద్దడం ఒక పని. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. అంటే రంగులు, దీపాలు, కటకటాలు, దుకాణాలు ఏవో కొన్ని రావడం ఖాయం. వస్తే మంచిదే. ఊరికే తుప్పు పట్టడం కన్నా నలుగురు నడిచే వంతెన మేలు. అయితే రంగులు పడ్డాక పాత రాయి పాతరాయిలా కనబడదు. సున్నపు కలుపుల మీద సిమెంటు పూస్తే నూటపాతికేళ్ల నాటి పనితనం ఎలా ఉండేదో చెప్పడానికి ఫొటో తప్ప సాక్ష్యం మిగలదు. కాబట్టి ఇప్పుడు తీసిన ఫొటోలకు రేపు విలువ. అందంగా లేకపోయినా ఫరవాలేదు. ఏ దిమ్మ, ఏ వైపు, ఏ తేదీ అని రాసి ఉంటే చాలు. కొవ్వూరు వైపు కళాశాల పిల్లలు పది మంది పూనుకుని, దిమ్మకు రెండు వైపులా చొప్పున తీసి వరుస నంబర్లు వేసినా 110 ఫొటోలే. రెండు మూడు పడవ ప్రయాణాల పని.

ఇక తీయడానికి వీలులేని ఫొటో ఒకటుంది. హేవలాక్ వంతెన మీద రైలు. అది మళ్లీ ఎవరూ తీయలేరు. కాని అలాంటివి పల్లెల్లో ట్రంకు పెట్టెల అడుగున ఉండి ఉంటాయి. డెబ్బైలు, ఎనభైల్లో స్టూడియోవారు గాని, పన్నెండు ఫొటోల ఫిల్ము పట్టే అగ్ఫా క్లిక్ త్రీ పెట్టె కెమెరా ఉన్న బంధువు గాని పుష్కరాలకో, కొత్త దంపతులను రేవులో నిలబెట్టో తీసినవి. మనుషుల కోసం తీసిన ఫొటోల్లో వెనక వంతెన పడి ఉంటుంది. అదృష్టం బాగుంటే దాని మీద బొగ్గింజను పొగ కూడా పడి ఉంటుంది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోవలసింది అదే.

అలాంటివి దొరికితే తడిగుడ్డతో తుడవకూడదు. మన గోదావరి చెమ్మకు పాత ఫొటోలు అద్దానికి అతుక్కుపోతాయి. అతుక్కున్నదాన్ని బలవంతంగా లాగితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. అద్దంతో సహా కిటికీ దగ్గర నీడలో, మెరుపు పడకుండా, ఫోనును తిన్నగా పైన పట్టుకుని తీసుకుంటే సరిపోతుంది. ఫ్లాషు వాడకూడదు. నెగటివు దొరికితే ఫొటో కన్నా అదే విలువైనది. ఒక ఫోను తెరను తెల్లగా వెలిగించి, నెగటివును దానికి తగలకుండా కాస్త పైన పట్టుకుని, మరో ఫోనుతో ఫొటో తీసి రంగులు తిరగవేస్తే బొమ్మ బయటకు వస్తుంది. మూతపడుతున్న స్టూడియోలవారు పాత నెగటివు డబ్బాలను పారేసేముందు ఒకసారి వెలుగుకు పట్టి చూడడం అవసరం.

ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో, అంచున, ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని రాయాలి. బాల్‌పెన్ను వాడితే ఒత్తుకు ముందువైపు గీత పడుతుంది. సంవత్సరం గుర్తులేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ఆ ఏడాది ఎవరి పెళ్లయింది, ఏ వరద వచ్చింది, ఏ పుష్కరాలు జరిగాయి అంటే వాళ్లే లెక్క తేల్చేస్తారు.